జలవిశ్లేషణ: నీటినా, నీటితోనా?

సందేహం: మా అమ్మాయి తెలుగు మీడియంలో ఇంటర్ బైపీసీ చదువుతోంది. "జలవిశ్లేషణ అంటే నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టడం" అని పరీక్షలో రాసింది. లెక్చరర్ తప్పు కొట్టారు. రక్తపరీక్ష అంటే రక్తాన్ని పరీక్షించడమే కదా! జలవిశ్లేషణ అంటే జలాన్ని విశ్లేషించడం ఎందుకు కాదు? అప్పటి నుంచి పిల్ల ప్రతి మాటకూ టెన్షన్ పడుతోంది.
– ఒక తండ్రి, ఖమ్మం

సమాధానం: లెక్చరర్ గారు దిద్దింది సరైనదే. అయితే మీ అమ్మాయి మాటను విడదీసి అర్థం వెతుక్కుంది. బట్టీ పట్టేవాళ్లు ఇలాంటి తప్పు చేయరు. ఆ అలవాటును మాననివ్వకండి. ఆమె పొరబడింది ఒక్క విభక్తి దగ్గరే.

తత్పురుష సమాసంలో విభక్తి ప్రత్యయం లోపిస్తుంది. దాన్ని చదివేవాళ్లే మళ్లీ తెచ్చిపెట్టుకోవాలి. రక్తపరీక్షలో రక్తాన్ని పరీక్షిస్తాం. ధనసహాయంలో ధనానికి సహాయం చేయం, ధనంతో చేస్తాం. వడదెబ్బ వడకు తగిలిన దెబ్బ కాదు, వడవల్ల మనకు తగిలిన దెబ్బ. మూడు మాటలూ పైకి ఒకేలా ఉన్నా లోపలి విభక్తులు వేరు. ఎండలో తిరిగినవాళ్లకు వడదెబ్బ అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. శాస్త్రపదాల విషయంలో పిల్లలకు ఆ అనుభవం ఇంకా ఉండదు. అందుకే తెలిసిన మాటను బట్టి తెలియని మాటకు అర్థం చెప్పుకుంటారు.

జలవిశ్లేషణ తృతీయా తత్పురుష: జలం చేత విశ్లేషణ. విడిపోయే పదార్థం మరొకటి, దాన్ని విడదీయడానికి తోడ్పడేది నీరు.

మాల్టోజ్ అనే చక్కెరను చూడండి. అది రెండు గ్లూకోజ్ అణువుల జంట. ఒక్కో గ్లూకోజ్‌లో 6 కార్బన్లు, 12 హైడ్రోజన్లు, 6 ఆక్సిజన్లు ఉంటాయి. రెండు కలిస్తే 12, 24, 12 ఉండాలి. కానీ మాల్టోజ్‌లో ఉన్నవి 12, 22, 11. లెక్కలో తగ్గిన రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ ఒక నీటి అణువుగా బయటికి పోయాయి. బంధం ఏర్పడేటప్పుడు నీరు పోయింది కాబట్టి, ఆ బంధాన్ని తెంచేటప్పుడు నీటిని తిరిగి ఇవ్వాలి. మన చిన్నపేగులో మాల్టేజ్ ఎంజైమ్ జరిపించే పని ఇదే. తెగినచోట నీటిలోని ఒక హైడ్రోజన్ ఒక ముక్కకూ, మిగిలిన హైడ్రాక్సిల్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ జంట) రెండో ముక్కకూ చేరతాయి. అన్నంలోని పిండిపదార్థం, పప్పులోని ప్రోటీన్, నూనెలోని కొవ్వు, అన్నీ జీర్ణమయ్యేది ఈ పద్ధతిలోనే.

ఇక్కడ మీ అమ్మాయి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఈ చర్యలో నీటి అణువు కూడా రెండుగా విడిపోతున్న మాట నిజమే. అయితే అది హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా బయటికి రాదు. తెగిన ముక్కలను పూర్తి చేసి వాటిలోనే ఉండిపోతుంది. పేరు పెట్టినవాళ్లు నీటిని సాధనంగానే చూశారు.

ఆమె రాసిన చర్యకు వేరే పేరు ఉంది: నీటి విద్యుద్విశ్లేషణ. 1800లో ఇంగ్లండ్‌లో నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు పరిశోధకులు వోల్టా బ్యాటరీతో నీటిలోకి విద్యుత్తు పంపి ఆ రెండు వాయువులనూ రాబట్టారు. ఈ పేరులో ఎంత స్పష్టత ఉందో చూడండి. దేన్ని అంటే నీటిని, దేనితో అంటే విద్యుత్తుతో. విద్యుద్విశ్లేషణ అంటే విద్యుత్తును ముక్కలు చేయడమని ఎవరూ అనుకోరు. జలవిశ్లేషణ దాని తోబుట్టువే. కిరణజన్య సంయోగక్రియ పాఠంలో నీటి కాంతి విశ్లేషణ వస్తుంది. అక్కడా నీటిని విడదీసేది కాంతే. మనం పీల్చే ఆక్సిజన్ అలా నీటి నుంచి వచ్చిందే.

చిక్కుకు ఇంకో కారణం విశ్లేషణ అన్న మాటే. పేపర్లో, టీవీలో ఎన్నికల ఫలితాల విశ్లేషణ అంటే పరిశీలించి చెప్పడం. ఆ అర్థంలో నీటి విశ్లేషణ అంటే ల్యాబ్‌లో చేసే నీటి పరీక్ష అవుతుంది. జలవిశ్లేషణలో మాత్రం ఈ మాటకు విడదీయడం అనే మూలార్థమే ఉంది. దీని మూలం 'శ్లిష్' ధాతువు, అంటే అంటుకోవడం. రెండర్థాలు ఒకే మాటకు అంటుకుంటే శ్లేష. జిగటగా అంటుకునేది శ్లేష్మం. అంటుకున్నదాన్ని విడదీస్తే విశ్లేషణ, విడివిడిగా ఉన్నవాటిని కలిపితే సంశ్లేషణ. ప్రోటీన్ సంశ్లేషణ అన్న పాఠం ఆమె చదివే ఉంటుంది. ఈ కుటుంబాన్నంతా ఒకసారి పరిచయం చేస్తే ఇక మరిచిపోదు.

ఇలాంటి చిక్కే హైడ్రోజన్ బంధం దగ్గరా ఉంది, ముందే చెప్పి ఉంచండి. నీటి అణువు లోపల హైడ్రోజన్‌ను ఆక్సిజన్‌తో కలిపి ఉంచేది హైడ్రోజన్ బంధం కాదు, ఎలక్ట్రాన్లను పంచుకోవడంవల్ల ఏర్పడే బలమైన సమయోజనీయ బంధం. ఆ హైడ్రోజన్‌ను పక్క అణువులోని ఆక్సిజన్ ఆకర్షించడంవల్ల ఏర్పడే బలహీనమైన బంధమే హైడ్రోజన్ బంధం. హైడ్రోజన్ మధ్యవర్తిగా ఉన్న బంధం అని విగ్రహవాక్యం చెప్పుకుంటే సరిగ్గా కుదురుతుంది. డీఎన్ఏలో అడినిన్, థైమిన్‌ల మధ్య ఇవి రెండు, గ్వానిన్, సైటోసిన్‌ల మధ్య మూడు.

రాసే పద్ధతి కూడా చెబుతాను. జలం, విశ్లేషణ రెండూ సంస్కృత పదాలే కాబట్టి మధ్యలో ఖాళీ వదలకుండా 'జలవిశ్లేషణ' అని కలిపి రాయాలి. దాన్ని 'నీటి విశ్లేషణ' అని మార్చకూడదు. 'నీటి' అనగానే 'నీటి యొక్క' అని వినిపించి అర్థం మళ్లీ మొదటికి వస్తుంది. తేలిక మాటల్లో కావాలంటే 'నీటితో విడదీయడం' అని రాయమనండి.