ఎమ్మెస్సీ కెమిస్ట్రీ తర్వాత: కంపెనీయా, నెట్టా, బీఈడీయా?

ప్రశ్న: మా పెద్దమ్మాయి ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ మూడో సెమిస్టర్ చదువుతోంది. పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో చేరతానంటోంది. బీఈడీ చేస్తే టీచరు ఉద్యోగం ఖాయమని బంధువులంటున్నారు. వాళ్ల మేడమ్ లెక్చరర్ అర్హతకు, పరిశోధన ఫెలోషిప్‌కు పెట్టే జాతీయ పరీక్ష నెట్ రాయమన్నారట. మాది రెండెకరాల వ్యవసాయం, చిన్నమ్మాయి ఇంటర్‌లో ఉంది. ఏ దారి మంచిది?
– ఒక తండ్రి, నరసన్నపేట

జవాబు: నమస్కారమండీ. ముందు బీఈడీ సంగతి తేల్చేద్దాం. అది రెండేళ్ల కోర్సు. స్కూల్ అసిస్టెంట్‌కు, నవోదయలాంటి చోట్ల పీజీటీ (ప్లస్ టూ టీచర్) పోస్టులకు తప్పనిసరి. ప్రభుత్వ జూనియర్ లెక్చరర్‌కు అక్కర్లేదు, పీజీ చాలు. డిగ్రీ లెక్చరర్‌కు కావలసింది నెట్, ఏపీసెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష) లేదా పీహెచ్‌డీ. బడిపిల్లలకు పాఠం చెప్పడం మీ అమ్మాయికి నిజంగా ఇష్టమైతే చేయించండి. 'చేతిలో ఏదో ఒకటి ఉంటుంది' అని మాత్రం వద్దు. ఆ రెండేళ్లలో కెమిస్ట్రీ చేజారిపోతుంది.

నెట్టూ కంపెనీ ఒకదానికొకటి అడ్డు కావు, వరస తప్పితేనే చిక్కు. సైన్సు సబ్జెక్టులకు ఉండే నెట్ సీఎస్‌ఐఆర్ నెట్, అది ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. పీజీ చివరి ఏడాదిలో ఉండగానే దరఖాస్తు చేయవచ్చు. చాలామంది 'పాసయ్యాక చూద్దాం' అని ఇక్కడే ఒక అవకాశం పోగొట్టుకుంటారు. నెట్‌లో మంచి ర్యాంకుతో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000 ఫెలోషిప్. అంటే ఇంటి మీద భారం పడని చదువు.

పరీక్ష మూడు గంటలు, 200 మార్కులు. ఎ భాగంలో 20 ప్రశ్నలకు 15, బి భాగంలో 40కి 35 రాయాలి, ఒక్కోటి 2 మార్కులు. సి భాగంలో 60కి 25 రాస్తే చాలు, ఒక్కోటి 4 మార్కులు. తప్పు జవాబుకు నాలుగో వంతు కోత. ఆర్గానిక్ వాళ్లు దెబ్బతినేది ఎక్కడంటే, సిలబస్‌లో ఇనార్గానిక్, ఫిజికల్ కూడా ఉన్నాయని చివరి నెలలో గుర్తుకు రావడం. గ్రూప్ థియరీ, క్వాంటమ్, ఆర్గానోమెటాలిక్స్ ఇప్పుడే మొదలుపెట్టాలి. ఎ భాగం లెక్కలు, రీజనింగే. రోజుకు అరగంట చేస్తే 30 మార్కుల్లో మంచి భాగం దక్కుతుంది. ఆ అరగంటను ఎవరూ లెక్కచేయరు, నాకు బాధ అక్కడే.

కాబట్టి నాలుగో సెమిస్టర్‌లో నెట్ ఒకసారి గట్టిగా రాయనివ్వండి. ఫలితం కోసం ఖాళీగా కూర్చోకుండా కంపెనీలో చేరి, ఇంకోసారి రాయవచ్చు. షిఫ్టులు మారే ఉద్యోగంలో రోజుకు రెండు గంటల చదువే గగనం, అందుకే మొదటి ప్రయత్నం చేరకముందే కావాలి. ఇంట్లో డబ్బు అవసరం అంతవరకు ఆగనిదైతే వెంటనే చేరడంలో తప్పేమీ లేదు.

చేరేటప్పుడు కంపెనీ పేరు కన్నా విభాగం చూడండి. ఆర్గానిక్ చదివిన అమ్మాయికి ఆర్ అండ్ డీ (పరిశోధన విభాగం) సొంత ఇల్లు. అది దొరక్కపోతే క్వాలిటీ కంట్రోల్ (మందుల నాణ్యత పరీక్షించే విభాగం) మేలు. అక్కడ మిశ్రమంలో ఏది ఎంతుందో తేల్చే హెచ్‌పీఎల్‌సీ, జీసీ యంత్రాల మీద చేయి తిరిగితే ఇంకో కంపెనీకి మారడం తేలిక. ఇంటర్వ్యూలో పెద్ద రియాక్షన్ల కన్నా చిన్న లెక్కలే ముంచుతాయి. 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ అర లీటరుకు ఎన్ని గ్రాములంటే తడుముకోకుండా 2 గ్రాములు అనాలి. దాన్ని కేహెచ్‌పీ అనే ప్రామాణిక రసాయనంతో స్టాండర్డైజ్ చేస్తారనీ (అసలు గాఢత తేలుస్తారనీ), ఇండికేటర్ ఫినాఫ్తలీన్ అనీ తెలియాలి. రికార్డులో తప్పు పడితే దాని మీదే దిద్దకూడదు. ఒక్క గీతతో కొట్టేసి, కారణం రాసి, సంతకం, తేదీ వేయాలి. ఈ మాట చెప్పగలిగితే ల్యాబ్ పని తెలిసిన మనిషని వాళ్లకు అర్థమవుతుంది. చేయి పెట్టని పరికరం పేరు రెజ్యూమెలో రాయవద్దు, రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

జీతం అడిగేటప్పుడు పీఎఫ్ కోత పోగా చేతికి ఎంతో, బస్సు, భోజనం ఎవరివో, రాత్రి షిఫ్టు ఉందో లేదో ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎక్కడా అప్పగించవద్దు, చూపించి వెనక్కి తెచ్చుకోవాలి.

మీరు బీసీలైతే ఇంకో పని. రాష్ట్రంలో బీసీ అయిన కులాలన్నీ కేంద్రం ఓబీసీ జాబితాలో ఉండవు. మీ కులం అందులో ఉందో లేదో చూసి, ఉంటే సంపన్న శ్రేణి కాదని చెప్పే నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్‌కు సచివాలయంలో ఇప్పుడే పెట్టండి. నెట్‌కు పీజీలో జనరల్ వాళ్లకు 55 శాతం కావాలి, ఓబీసీలకు 50 చాలు. దరఖాస్తు గడువు ముంచుకొచ్చాక ఆ కాగితం కోసం తిరగడం చాలా కష్టం.