అంకె ఒక్కటే చాలదు: కెనడాకు కొత్తగా వచ్చిన మనవాళ్ళకు

పోయిన నెల ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన ఒక అబ్బాయి అడిగాడు: "కెనడాలో అన్నీ కిలోలూ కిలోమీటర్లే అన్నారు కదండీ, మరి కూరగాయల ధర పౌండ్లలో ఎందుకుంది? ఓవెన్‌లో 450 దాకా అంకెలు ఎందుకున్నాయి?" నేను వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. కొత్తలో నాకూ ఇదే సందేహం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కెనడా మెట్రిక్ పద్ధతిలోకి మారడం 1970లలో మొదలైంది. 1975లో వాతావరణ వార్తలు సెల్సియస్‌లోకి వచ్చాయి. 1977లో రోడ్డు బోర్డులు కిలోమీటర్లలోకి మారాయి. పెట్రోలు లీటర్లలోకి వచ్చింది. ఆ పని చూసే కమిషన్‌ను 1985లో మూసేశారు. అప్పటికి మారినవి మారాయి, మిగిలినవి అలాగే ఉండిపోయాయి. పక్కనే అమెరికా ఉంది కాబట్టి పొయ్యిలు, చెక్కలు, ప్లైవుడ్ అన్నీ వాళ్ళ కొలతల్లోనే వస్తాయి. మనకు ఇదేమంత వింత కాదు. ఊళ్ళో బియ్యం కిలోల్లో కొని, పొలం ఎకరాల్లో, సెంట్లలో, గుంటల్లో చెప్పుకుని, ఇంటి స్థలం గజాల్లో, బంగారం తులాల్లో లెక్కవేసేవాళ్ళమే కదా. కాకపోతే ఆ లెక్కలన్నీ చిన్నప్పటి నుంచీ నోట్లో నానినవి. ఇక్కడివి అలవాటయ్యేదాకా జాగ్రత్తగా ఉండాలి.

ముందు సరుకులు. షాపులో పెద్ద అక్షరాలతో 1.99 డాలర్లు అని కనిపిస్తే అది ఒక పౌండు బరువుకు ధర. కిలో ధర కింద చిన్నగా 4.39 అని ఉంటుంది. బిల్లులో మాత్రం కిలోల్లోనే వస్తుంది. పౌండు ధరను 2.2తో హెచ్చవేస్తే కిలో ధర వచ్చేస్తుంది. బియ్యం బస్తా మీద 20 అని ఉంటే అది చాలావరకు 20 పౌండ్లు, అంటే తొమ్మిది కిలోల చిల్లర. మన ఊరి 25 కిలోల బస్తాతో పోల్చుకుని నెలకు ఎంత కావాలో లెక్క వేసుకోండి.

ఓవెన్ ఫారెన్‌హీట్. తెలుగు వంటల వీడియోలో 180 డిగ్రీలు అంటే అది సెల్సియస్. ఇక్కడ 350 పెట్టాలి. 180 పెడితే లోపల 82 డిగ్రీల సెల్సియస్సే ఉంటుంది, కేకు పిండిగానే ఉండిపోతుంది. బయట చలి మాత్రం సెల్సియస్‌లో చెబుతారు. ఇంట్లో హీటింగ్ మీట మీద ఏది ఉందో అద్దెకు దిగిన రోజే చూసుకోండి. ఎత్తు మాటల్లో అడుగులు, అంగుళాల్లోనే చెబుతారు కానీ అంటారియో డ్రైవింగ్ లైసెన్సు మీద సెంటీమీటర్లు ఉంటాయి. కారు మైలేజీ వంద కిలోమీటర్లకు ఇన్ని లీటర్లు అని రాస్తారు కాబట్టి అంకె తక్కువుంటేనే మంచిది. 8 లీటర్లంటే మన లెక్కలో లీటరుకు పన్నెండున్నర.

ఇవన్నీ తప్పినా డబ్బులో, వంటో పోతుంది, అంతే. ఆరోగ్యం దగ్గర అలా కాదు.

మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఊర్నుంచి తెచ్చుకున్న షుగర్ మిషన్ స్ట్రిప్పులు అయిపోయాయి. ఇక్కడే కొత్త మిషన్ కొనిచ్చి ఆఫీసుకు వెళ్ళాను. చూసుకుంటే 9.4 అని వచ్చింది. ఎప్పుడూ 150, 160 చూసే మనిషి. షుగర్ బాగా పడిపోయిందని కంగారుపడి గ్లాసుడు జ్యూస్ తాగింది. గంటకోసారి చూసుకోవడం, పదికి అటూ ఇటూనే ఉందని మళ్ళీ ఏదో తీపి తినడం. నన్ను ఇబ్బంది పెట్టకూడదని ఫోన్ కూడా చేయలేదు. సాయంత్రం నేను వచ్చేసరికి 15 ఉంది. అంటే మన లెక్కలో 270.

ఇండియాలో డెసిలీటరుకు మిల్లీగ్రాములు, ఇక్కడ లీటరుకు మిల్లీమోల్స్. ఇక్కడి అంకెను 18తో హెచ్చవేస్తే మన అంకె వస్తుంది. 4 అంటే 72, 7 అంటే 126, 10 అంటే 180. అమ్మానాన్నలు వస్తుంటే అక్కడి మిషనే తెచ్చుకోమనండి, దానికి సరిపోయే స్ట్రిప్పులు ఉండే రోజులకు లెక్కవేసి మరీ. ఇక్కడ కొంటే మాత్రం ఈ మూడు లెక్కలూ పెద్దగా రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

జ్వరం కూడా అంతే. మనం నూట ఒకటి, నూట రెండు అంటాం. ఆరోగ్య సలహా ఇచ్చే 811 నంబరుకు ఫోన్ చేస్తే నర్సు 38 దాటిందా అని అడుగుతుంది. 38 అంటే 100.4, 39 అంటే 102.2. మూడు నెలల లోపు పసిబిడ్డకు 38 వస్తే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పుట్టినప్పుడు బిడ్డ బరువు పౌండ్లు, ఔన్సుల్లో చెబుతారు. మీరు కిలోల్లో కూడా రాసి పెట్టుకోండి, మందు మోతాదుకు డాక్టర్లు అడిగేది అదే. సిరప్ స్పూనుతో కాకుండా మిల్లీలీటర్ల గీతలున్న సిరంజితో పోయండి.

ఇక్కడ 1983లో ఒక సంఘటన జరిగింది. మాంట్రియల్ నుంచి ఎడ్మంటన్ వెళ్తున్న ఎయిర్ కెనడా విమానానికి 22,300 కిలోల ఇంధనం కావాలి. లీటర్లను కిలోల్లోకి మార్చాల్సిన చోట పౌండ్ల లెక్క వాడారు. కావాల్సిన దాంట్లో సగం కూడా లేకుండానే విమానం ఎగిరింది. 41,000 అడుగుల ఎత్తున ఇంధనం అయిపోతే, పైలట్లు దాన్ని గాలిలో జార్చుకుంటూ తెచ్చి గిమ్లీ అనే ఊళ్ళో పాత వైమానిక స్థావరం మీద దించారు. అందరూ బతికారు. అది చదివినప్పుడల్లా నాకు ఆరోజు అమ్మే గుర్తొస్తుంది. ఆమె చూసిన 9.4 తప్పు కాదు, దాని పక్కన చిన్న అక్షరాలతో ఉన్నది ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేనే.

ఆమె మళ్ళీ మొన్న వేసవికి వచ్చింది. ఈసారి తనే కాగితం రాసి పెట్టుకుంది. పొద్దున్నే చూసుకుని, వంటింట్లోకి వచ్చి, "ఏడున్నర, అంటే నూట ముప్ఫయి అయిదు" అని చెప్పి టీ పెట్టుకునేది.