చూడ్డానికి బండి లేదు, అందుకని విన్నాం

"కరోనా రోజుల్లో మీ హాబీ బృందం చెదిరిపోకుండా ఎలా నిలబడింది? ఏ యాప్ వాడారు?" అని అడిగారు. యాప్ వల్ల ఏ బృందమూ నిలబడదండీ. చేతిలో రోజూ ఒక పని ఉంటే నిలబడుతుంది. మాది నిలబడింది కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

మేం విశాఖలో రైళ్ళంటే ప్రాణం పెట్టేవాళ్ళం, ఓ నలభై మంది ఉంటాం. కంచరపాలెం, మర్రిపాలెం, గోపాలపట్నం, కూర్మన్నపాలెం, పెందుర్తి, కొత్తవలస, అటు విజయనగరం దాకా అందరం పట్టాలకి దగ్గర్లో ఉండేవాళ్ళమే. ఆదివారం వస్తే పులిహోర డబ్బా కట్టుకుని ఏ చెట్టు నీడలోనో కూర్చుని బండ్లు చూడటం మా అలవాటు. 2020 మార్చి 22 అర్ధరాత్రితో ప్రయాణికుల బండ్లన్నీ ఆగిపోయాయి. ఏప్రిల్ 16 మాకు పండగ రోజు. 1853లో ఆ తేదీనే ముంబైలోని బోరీబందర్ నుంచి ఠాణాకి మన దేశంలో మొదటి ప్రయాణికుల బండి నడిచింది. 167 ఏళ్ళు నిండిన రోజున మామూలు ప్రయాణికుల బండి ఒక్కటీ కదలలేదు. ఆ రోజు నేను అన్నం సరిగ్గా తినలేదు.

మొదట్లో మేమూ అందరిలాగే వీడియో మీటింగులు పెట్టాం. మాట్లాడేవాళ్ళు నలుగురే, మిగతావాళ్ళు కెమెరా ఆపేసుకునేవారు. 40 నిమిషాలకి లైను తెగిపోయేది. మూడో ఆదివారానికి ఏడుగురం మిగిలాం. వాట్సాప్ గ్రూపు నిండా కషాయం ఫార్వర్డులు, గులాబీ పువ్వుతో శుభోదయాలు. పెద్ద లెన్సులున్నవాళ్ళు పాత ఫొటోలే మళ్ళీ మళ్ళీ పెట్టి మెప్పు కోసం చూసేవారు. హాబీ అంటే ఖరీదైన కెమెరా అనుకునేవాళ్ళ వల్ల కొత్త పిల్లలు జంకుతారు, ఇది నాకు ఎప్పటినుంచో ఉన్న బాధ.

దారి చూపింది మాలో ఒకాయన. గూడ్సులు తోలి రిటైరైన లోకో పైలట్, మర్రిపాలెంలో ఉంటారు. అందరం మాస్టారూ అంటాం. ఓ రాత్రి వాయిస్ మెసేజ్ పెట్టారు. "గూడ్సులు నడుస్తున్నాయి కదర్రా. బొగ్గు, బియ్యం, ఇనప రాయి ఆగలేదు కదా. కిటికీ తీసి వినండి. విన్నది రాయండి."

అంతే. మర్నాటి నుంచి పద్దు మొదలైంది. టైము, ఏ వైపు పోయింది, ఏ రకం ఇంజిను, లోడా ఖాళీనా. చూడకుండా చెప్పాలి. ఖాళీ వ్యాగన్లు డబడబలాడుతూ పోతాయి. లోడు బండికి ఆ మోత ఉండదు, మూలుగుతున్నట్టు వస్తుంది, మా వంటింట్లో గట్టు మీద స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతాయి. ఆల్కో అనే పాత రకం డీజిలు ఇంజిను నిలబడి ఉన్నా గుడుగుడుమంటూనే ఉంటుంది. డబ్ల్యూఏజీ-9 ఎలక్ట్రిక్ ఇంజిను కదిలేటప్పుడు దాని మోటార్ల కూత మెట్లు మెట్లుగా పైకి ఎక్కుతుంది, సరిగమలు నేర్చుకునే పిల్లలు పాడినట్టు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే కిరండూల్ లైన్లో 58 సొరంగాలు దాటి దిగొచ్చే బైలదిలా గనుల ఇనప రాయి బండి కొత్తవలసలో వినబడితే, కాసేపటికి పెందుర్తిలో నాకు వినబడాలి. వినబడకపోతే ఎక్కడో సిగ్నల్ దగ్గర నిలబెట్టారన్నమాట. అలా ఒకడి పద్దు ఇంకొకడికి అవసరమైంది. కెమెరా లేని ఇంటర్ పిల్లాడు కొత్తవలస నుంచి అందరికంటే బాగా పట్టేవాడు. ఏడుగురం మళ్ళీ ముప్పై దాటాం.

ఈ పద్దు విలువ మే 7న తెలిసింది. తెల్లవారుజామున వెంకటాపురం దగ్గర ఫ్యాక్టరీలో గ్యాస్ లీకై పదిమందికి పైగా పోయిన రోజు అది. వార్తలు ఇంకా సరిగ్గా రాకముందే మాస్టారు గ్రూపులో అడిగారు: "గోపాలపట్నం పద్దు లేదేం?" అక్కడ మా బృందంలోని కుర్రాడు, తమ్ముడిలాంటివాడు, రాత్రంతా మేలుకుని రాసేవాడు. ఫోన్ల మీద ఫోన్లు చేశాం. ఎనిమిది దాటాక ఎత్తాడు. అమ్మానాన్నల్ని బైకు మీద ఎక్కించుకుని కొండ వెనక చుట్టాలింటికి చేరాడట. ఆ పదినిమిషాల మాటల్లో మేమిద్దరం ఏడ్చాం. పేరు పేరునా పలకరించుకునే గ్రూపులు చాలానే ఉంటాయి, కానీ మనిషి కనబడకపోతే వెంటనే తెలిసే ఏర్పాటు ఎన్ని గ్రూపుల్లో ఉంది?

జూన్ 1 నుంచి కొన్ని బండ్లు తిరిగి నడిచాయి. స్పెషల్ బండి అని నంబరు ముందు సున్నా తగిలించుకుని గోదావరి ఎక్స్‌ప్రెస్ కూడా వచ్చింది. 1974లో పుట్టిన బండి, మా ఇంట్లో మూడు తరాలు ఎక్కిన బండి. దాని గురించి ఇంకోసారి రాస్తాను.

నేను అసలు చెప్పాలనుకున్నది 2021 ఏప్రిల్ 22 రాత్రి గురించి. రెండో వేవ్ మీద పడింది. దేశమంతా ఆక్సిజన్ కోసం పరుగులు. దేశంలో మొట్టమొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మన స్టీల్ ప్లాంటుకే వచ్చింది. ముంబై దగ్గర కళంబోలి నుంచి ఏప్రిల్ 19న 7 ఖాళీ ట్యాంకర్లు, లారీలకి లారీలే, చదును వ్యాగన్ల మీద ఎక్కి బయల్దేరాయి. వ్యాగన్ ఎత్తు 1290 మిల్లీమీటర్లు, దాని మీద 3320 మిల్లీమీటర్ల ట్యాంకరు. పైన కరెంటు తీగ, దారిలో వంతెనలు, ఘాట్లు. అందుకే ఘాట్లు తప్పించి సూరత్ వైపు నుంచి చుట్టు తిప్పి తెచ్చారు. ప్లాంటులో ఆక్సిజన్ నింపుకుని 22 రాత్రి తిరుగు ప్రయాణం. టీవీల్లో మాత్రం ఆ వార్తకి ఏదో పెట్రోలు ట్యాంకు వ్యాగన్ల పాత బొమ్మ వేశారు. మాకు ఎంత కోపం వచ్చిందో!

ఆ రోజుకి మాస్టారికి పాజిటివ్. ఇంట్లోనే ఒక గదిలో ఉన్నారు, ఆయాసంగా ఉంది. ఫోన్ చేసి ఒక్కటే అడిగారు. "అది మీ వైపే పోతుందిరా. నాకు వినిపించు."

డాబా ఎక్కి కూర్చున్నాను. స్టీల్ ప్లాంటు పక్కనున్న కూర్మన్నపాలెం నుంచి "కదిలింది" అని మెసేజ్ వచ్చింది. మాస్టారికి ఫోన్ కలిపి పిట్టగోడ మీదుగా చెయ్యి బయటికి చాపి పట్టుకున్నాను. వీధిలో అలికిడి లేదు. ఎక్కడో అంబులెన్సు. ముందు హారన్, పొడుగ్గా, ఒక్కసారే. తర్వాత ఇంజిను. ఆ వెనక వ్యాగన్లు. వీధి దీపం వెలుగులో ట్యాంకర్ల గుండ్రటి వీపులు ఒక్కొక్కటే తెల్లగా మెరిసి చీకట్లోకి పోయాయి. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఏడు.

నాకు అదొక మామూలు చప్పుడే. మాస్టారు మాత్రం దగ్గు ఆపుకుంటూ అన్నారు: "వ్యాగన్లని కలిపే కప్లింగుల మోత లేదు, విన్నావా? ఒక్క కుదుపు లేకుండా తోలుతున్నాడు." లోపల ఉన్నది మైనస్ 180 డిగ్రీల ద్రవం. వేగం ఉన్నట్టుండి పెంచకూడదు, ఉన్నట్టుండి తగ్గించకూడదు. ఆ జాగ్రత్త ఆయన చెవికి పెందుర్తి డాబా మీంచి ఫోన్లో తెలిసింది.

ఆ తర్వాత కొత్తవలస, విజయనగరం పద్దులు పడ్డాయి. ఆ రాత్రి ఎవరూ పడుకోలేదు. బండి రాయ్‌పూర్ మీదుగా 23న నాగపూర్ చేరింది. 3 ట్యాంకర్లు అక్కడ దింపారు, మిగతా 4 మర్నాడు నాసిక్ వెళ్ళాయి. మాస్టారు నెల తిరిగేసరికి కోలుకున్నారు.

పెందుర్తి పద్దు రాయాల్సింది నేను. ఆ రాత్రి మాత్రం మాస్టారే మంచం మీంచి చెప్పి రాయించారు. ఇంజిను రకం చెప్పలేదు, టైము చెప్పలేదు. "పెందుర్తి. విజయనగరం వైపు. లోడు. తోలినవాడు మంచివాడు."