షోర్ పవర్ తగిలించి ఉంటే బ్యాటరీల సంగతి మరిచిపోవచ్చా?

తమ్ముడూ, చిత్తూరులో ఐటీఐ ముగించి కొచ్చి మెరీనాలో (బోట్లు కట్టి ఉంచే రేవు) సెయిల్‌బోటు మీద పనికి వెళ్తున్నానని రాశావు. ఇంట్లో ఇన్వర్టరు తెలుసుగానీ, ఒడ్డు నుంచి కేబులుతో వచ్చే షోర్ పవర్ ఉండగా బ్యాటరీలను పట్టించుకోవాలా అని అడిగావు. తప్పకుండా పట్టించుకోవాలి. నేను తిరుపతిలో ఇన్వర్టరు బ్యాటరీల పని నేర్చుకుని, తర్వాత రెండేళ్లు కొచ్చిలో బోట్లకు వైరింగ్ చేశాను. మొదట్లో నేనూ నీలాగే అనుకున్నాను.

మన వైపు పొలాలకు త్రీఫేజ్ కరెంటు ఇన్ని గంటలని ఇస్తారు కదా. ఆ కాసేపట్లో మోటారు తొట్టి నింపుతుంది, ఆ తర్వాత మడికి పారేది తొట్టి నీళ్లే. బోటులో తొట్టి అంటే బ్యాటరీ, మోటారు అంటే ఛార్జరు. లైట్లు, నీళ్ల పంపు, ఫ్రిజ్, రేడియో మామూలుగా 12 వోల్టుల డీసీ మీద, అంటే బ్యాటరీ లైను మీదే నడుస్తాయి. ఒడ్డు నుంచి వచ్చే 230 వోల్టులు నేరుగా వెళ్లేది ప్లగ్ పాయింట్లకు, గీజరుకు, ఛార్జరుకు. అందుకే ఛార్జరు ఆగిపోయినా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. మనకు అనుమానమే రాదు.

నాకు జరిగింది అదే. రాత్రి జెట్టీ మీద బ్రేకరు ట్రిప్ అయింది. తెల్లవార్లూ ఫ్రిజ్ బ్యాటరీని లాగేసింది. పైగా ఏ బ్యాటరీ వాడాలో ఎంచుకునే సెలెక్టర్ స్విచ్చును నేను 'బోత్' (రెండూ కలిపి) మీద వదిలేశాను. దాంతో ఇంజన్ స్టార్టింగుకు వేరుగా ఉంచిన బ్యాటరీ కూడా దానితోపాటే దిగిపోయింది. పొద్దున మీటరు 11.4 వోల్టులు చూపించింది. ఓనరు పిల్లలను తీసుకుని వచ్చి నిలబడ్డారు, ఇంజన్ తిరగలేదు. ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తే. స్టార్టింగ్ బ్యాటరీని ఎప్పుడూ విడిగానే ఉంచు.

అప్పటి నుంచి పడుకునే ముందు, లేచిన వెంటనే మీటరు చూడడం అలవాటు చేసుకున్నాను. షోర్ పవర్ ఉండగా లెడ్ యాసిడ్ బ్యాటరీ 13.5 దగ్గర గానీ, ఛార్జింగ్ గట్టిగా ఎక్కుతుంటే 14.4 దాకా గానీ చూపించాలి. 12.6 చూపిస్తోందంటే ఛార్జరు పనిచేయడం లేదు. ఛార్జింగూ లోడూ లేకుండా కొన్ని గంటలు ఊరుకున్న బ్యాటరీ 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే దాదాపు సగం. సగం కిందికి దించకు. తిరుపతిలో ఎండాకాలం కరెంటు పోయినప్పుడల్లా ఇన్వర్టరు కుయ్యిమని ఆగేదాకా వాడి, మంచి ట్యూబులర్ బ్యాటరీలను పాడు చేసుకున్న ఇళ్లు ఎన్నో చూశాను.

లెక్క కూడా వేసుకో. బోటు ఫ్రిజ్ నడిచేటప్పుడు 4, 5 ఆంపియర్లు లాగుతుంది. సగం సేపు నడిచిందనుకున్నా రోజుకు 50 ఆంపియర్ అవర్లు పైనే. 200 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీలో నువ్వు వాడుకోగలిగింది 100. అంటే ఒడ్డు వదిలాక ఫ్రిజ్ ఒక్కదానికే రెండు రోజులు కూడా రాదు. ఇన్వర్టరు మీద 1200 వాట్ల కెటిల్ పెడితే బ్యాటరీ నుంచి వంద ఆంపియర్లు దాటుతుంది. అందుకే అక్కడి కేబుళ్లు అంత లావు, ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి.

కేబులు తగిలించే వరుస నోటికి వచ్చేలా నేర్చుకో. ముందు బోటు మెయిన్ ఆఫ్ చెయ్యి. కేబులును బోటుకు పెట్టి, ఆ తర్వాతే ఒడ్డు సాకెట్లో పెట్టు. తీసేటప్పుడు ముందు ఒడ్డు వైపు తియ్యి. కరెంటున్న కొసను చేత్తో పట్టుకుని నీళ్ల మీదుగా దాటే పరిస్థితి ఎప్పుడూ రాకూడదు. కేబులు చుట్టలోనే ఉండగా ఎక్కువ లోడు వెయ్యకు, వేడెక్కి కరుగుతుంది. కరెంటు లీకైతే లైను కట్ చేసే ఆర్‌సీసీబీ స్విచ్చు టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడు. షోర్ పవర్ ఉన్న జెట్టీ పక్కన ఎంత ఉక్కగా ఉన్నా నీళ్లలోకి దిగకు. లీకయిన కరెంటు నీళ్లలో కండరాలను బిగదీసేస్తుంది, ఈత వచ్చినవాళ్లు కూడా మునిగిపోతారు.

ఇంకొకటి, ఇది మన ఊళ్లో ఎవరూ నేర్పరు. ఇక్కడ బొగ్గు, ఉప్పు వేసి ఎర్త్ గుంత తవ్వుతాం, అంతటితో సరి. మెరీనాలో ఆ ఆకుపచ్చ ఎర్త్ తీగ నీ బోటు లోహాన్ని పక్క బోట్ల లోహంతో కలిపేస్తుంది. ఉప్పునీళ్లు మధ్యలో ఉంటాయి కాబట్టి అదంతా ఒక పెద్ద బ్యాటరీలా మారి, నీ బోటు లోహానికి బదులు తాము తరిగిపోయేలా కింద పెట్టిన జింక్ దిమ్మలు త్వరగా అయిపోతాయి. దానికి గాల్వానిక్ ఐసోలేటర్ (ఎర్త్ తీగను తెంపకుండానే ఆ చిన్న కరెంటును ఆపే పరికరం) పెట్టాలి. ఎర్త్ తీగ పీకేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే మాత్రం వినకు, ప్రాణాలు పోతాయి.

లిథియం బ్యాటరీలైతే ఈ వోల్టుల లెక్క వేరు, ఛార్జరు సెట్టింగు కూడా మార్చాలి. బోటు ఎక్కాక సెలెక్టర్ స్విచ్చు, ఛార్జరు, బ్యాటరీ మీది లేబుల్ ఫోటోలు పెట్టు, చూసి చెబుతాను.