ఆ ముదురాకుపచ్చ అంతా అడవి కాదు

చి. లావణ్యకు, మామయ్య ఆశీస్సులు.

పాడేరు, అరకు కొండల్లో కాఫీ తోటలెక్కడ, సహజమైన అడవెక్కడ అని మ్యాప్ చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపినది చూశాను. దట్టమైన అడవంతా కొండలకు వాయవ్యం వైపే పెరిగినట్టుందేమిటి? అది నీడమ్మా.

నువ్వు వాడే చిత్రాలు తీసే ఉపగ్రహం సెంటినెల్-2 పొద్దున పదిన్నర ప్రాంతంలో వెళ్తుంది. డిసెంబరులో ఆ వేళకు సూర్యుడు ఆగ్నేయాన, ఇంకా కిందే ఉంటాడు. అందుకే ఒకే జాతి చెట్టు ఆగ్నేయపు వాలు మీద వెలుగ్గా, వాయవ్యపు వాలు మీద మసకగా కనిపిస్తుంది. ఎన్‌డీవీఐ (పచ్చదనపు కొలత) నిష్పత్తి కదా, నీడ దానికి అడ్డురాదంటారు. కొంతవరకే నిజం.

ముందు నువ్వు దింపుకున్నది ఏ లెవెలో చూసుకో. ఎల్2ఏ (వాతావరణ ప్రభావం తీసేసిన) చిత్రాల్లో వాలు సవరణ, అంటే వాలు వల్ల వచ్చే వెలుగు తేడాను సరిచేయడం, ముందే జరిగి ఉంటుంది. దాని మీద మళ్లీ నువ్వు చేస్తే నీడ వైపు వాలులు వింతగా తెల్లబడతాయి. ఆ సవరణలు జరగని ఎల్1సీ తెచ్చుకుని, వాతావరణ ప్రభావం తీసేసే సాఫ్ట్‌వేర్ సెన్2కోర్‌లో డీఈఎం (నేల ఎత్తుల మ్యాప్) ఆపి నడుపు. ఆ తర్వాత సీ-కరెక్షన్ (ఎండ తగిలే కోణాన్ని బట్టి వెలుగు సరిచేసే లెక్క) చెయ్యి. ఉత్త కొసైన్ సవరణ జోలికి పోకు, ఎండ ఏటవాలుగా తగిలే చోట అది హద్దు మీరుతుంది. దానికి కావాల్సిన రిగ్రెషన్ (ఎండ కోణానికీ వెలుగుకీ ఉన్న సంబంధం లెక్క) ఏ బ్యాండుకు (కాంతి పట్టీకి) ఆ బ్యాండు విడిగా, అడవి పిక్సెళ్లతోనే వెయ్యి. లోయలో దున్నిన మళ్లు కలిశాయంటే లెక్క చెడుతుంది. 30 మీటర్ల డీఈఎంని 10 మీటర్లకు మార్చేటప్పుడు బైలీనియర్ (చుట్టుపక్కల విలువలు కలిపి లెక్కకట్టే పద్ధతి) పెట్టు. లేకపోతే వాలు మెట్లు మెట్లుగా వస్తుంది.

అయ్యాక రెండు వైపుల వాలుల మీదా ఒకే రకం అడవిని ఎంచుకుని బ్యాండ్ 8 (సమీప పరారుణ కాంతి) సగటు పోల్చు. దగ్గరగా రానిదే తోటనూ అడవినీ వేరుచేసే క్లాసిఫికేషన్ మొదలుపెట్టకు. అసలు ఎండే పడని చోట్లను 'సమాచారం లేదు' అని వదిలెయ్యి. మ్యాప్‌లో చిల్లులు చూసి మీ గైడ్ విసుక్కుంటారేమో, విసుక్కోనీ.

ఇక కాఫీ. పైనుంచి చూస్తే కనిపించేది కాఫీ మొక్క కాదు, దానికి నీడనిచ్చే సిల్వర్ ఓక్. డిసెంబరులో తోటా పచ్చనే, అడవీ పచ్చనే, ఎంత మంచి అల్గారిథమైనా తేల్చలేదు. మార్చి చిత్రం కూడా చేర్చు. అప్పటికి ఆకురాల్చే అడవి మోడైపోతుంది, సిల్వర్ ఓక్ పచ్చగానే ఉంటుంది.

ఫీల్డ్ పాయింట్లన్నీ రోడ్డు పక్కనే తీసుకోకు, మన రోడ్లెక్కువగా లోయల్లోనే పోతాయి. కొండెక్కి నీడ వైపు కూడా తీసుకో. పోడు భూములు ఏ ఏడు కొట్టారో ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు, రాసుకో.

డీఈఎం ఏది వాడుతున్నావో వెంటనే రాయి.

మామయ్య