టెక్ సందేహాలు: డీప్‌సీక్ యాప్ సంగతి వేరు, మోడల్ సంగతి వేరు

ఈ వారం ప్రశ్నలన్నీ ఇంచుమించు ఒక్క పేరు చుట్టూనే తిరిగాయి: చైనా కంపెనీ తెచ్చిన ఏఐ చాట్‌బాట్ డీప్‌సీక్. ప్రింటర్లు, వైఫై రూటర్ల గురించి అడిగినవాళ్లు ఇంకో వారం ఓపిక పట్టాలి.

ప్రశ్న: హిమాయత్‌నగర్‌లో ఒక చార్టర్డ్ అకౌంటెంట్ ఆఫీసులో పనిచేస్తున్నాను. జీఎస్టీ నోటీసులకు జవాబులు రాయడానికి డీప్‌సీక్ వాడుతున్నాం. క్లయింట్ల బ్యాంక్ స్టేట్‌మెంట్లు కూడా ఎక్కించి లెక్కలు సరిచూసుకుంటున్నాం. ఉచితం, పనీ బాగా చేస్తోంది. డేటా అంతా చైనాకు పోతుందని మా సార్‌కి ఎవరో చెప్పారట. ఆపేయాలా?

జవాబు: స్టేట్‌మెంట్లు ఎక్కించడం ఈరోజే ఆపేయండి. నోటీసుల పని మాత్రం ఆపక్కర్లేదు, పద్ధతి మార్చుకుంటే చాలు.

మీ సార్‌కి చెప్పింది పుకారు కాదు. సేకరించిన సమాచారాన్ని చైనాలోని సర్వర్లలో ఉంచుతామని కంపెనీ తన ప్రైవసీ పాలసీలోనే రాసుకుంది. మీరు టైప్ చేసేవి, ఎక్కించే ఫైళ్లు, ఐపీ అడ్రస్, ఫోన్ వివరాలు, అన్నీ అందులోకి వస్తాయి. ఇవి చాలా యాప్‌లు తీసుకునేవే. కానీ 2025 మొదట్లో ఆ పాలసీలో ఇంకో మాట ఉండేది: కీబోర్డు మీద మీరు టైప్ చేసే తీరు, వేగం కూడా నమోదు చేస్తామని. దాంతో చాలామంది ఉలిక్కిపడ్డారు. పైగా చైనా 2017లో తెచ్చిన జాతీయ ఇంటెలిజెన్స్ చట్టం ప్రకారం అక్కడి సంస్థలు నిఘా విభాగాలకు సహకరించాలి. మీ క్లయింటు బేగంబజార్ హోల్‌సేల్ లెక్కలు అక్కడ ఎవరికీ అక్కర్లేకపోవచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. రేపు ఆ ఫైలు బయటికొస్తే మీరు ఎవరిని నిలదీస్తారు?

బయటికి రాదులే అనుకోవడానికీ లేదు. డీప్‌సీక్ ఆర్1 మోడల్, అంటే ఆ యాప్ వెనక జవాబులు తయారుచేసే ఏఐ, 2025 జనవరి 20న వచ్చింది. వారం తిరిగేసరికి ఆ యాప్ అమెరికాలో యాపిల్ స్టోర్‌లో మొదటి స్థానానికి చేరింది. సరిగ్గా ఆ సంబరంలోనే, డీప్‌సీక్ డేటాబేస్ ఒకటి పాస్‌వర్డ్ కూడా లేకుండా ఇంటర్నెట్‌లో తెరిచి ఉందని విజ్ అనే సైబర్ సెక్యూరిటీ సంస్థ బయటపెట్టింది. అందులో పది లక్షలకు పైగా లాగ్ ఎంట్రీలు (సర్వర్ రాసుకునే నమోదులు), వాటిలో జనం చేసిన చాట్‌లు. చెప్పగానే కంపెనీ మూసేసింది, నిజమే. మూసేలోపు ఇంకెవరు చూశారో ఎవరు చెప్పగలరు? ఆ తర్వాత ఐఫోన్ యాప్ కొంత సమాచారాన్ని ఎన్‌క్రిప్షన్ లేకుండానే పంపుతోందని నౌసెక్యూర్ అనే మరో సంస్థ తేల్చింది. ఇటలీ యాప్‌ను అడ్డుకుంది. ఆస్ట్రేలియా ప్రభుత్వ ఫోన్లలో నిషేధించింది. దక్షిణ కొరియా కొత్త డౌన్‌లోడ్లు కొన్నాళ్లు ఆపించింది.

మన కేంద్ర ఆర్థిక శాఖ కూడా 2025 జనవరి చివర్లో, ఆఫీసు కంప్యూటర్లలో ఏఐ టూల్స్ వాడొద్దని తన ఉద్యోగులకు చెప్పింది. ఆ ఉత్తర్వులో డీప్‌సీక్ పక్కనే చాట్‌జీపీటీ పేరు కూడా ఉంది. అది సబబే అంటాను. చైనా యాప్ తీసేసి, అవే స్టేట్‌మెంట్లను అమెరికా యాప్ ఉచిత ఖాతాలో పెడితే మీ క్లయింటుకు ఒరిగేది తక్కువే. 2023 మార్చిలో ఒక బగ్ వల్ల చాట్‌జీపీటీలో కొందరి చాట్ శీర్షికలు వేరేవాళ్లకు కనిపించాయి. ఆఫీసుకు ఏఐ తప్పనిసరి అనుకుంటే డబ్బు కట్టి బిజినెస్ ప్లాన్ తీసుకోండి. చాట్‌జీపీటీ బిజినెస్ ప్లాన్లలో మన డేటాను, మనం ఒప్పుకుంటే తప్ప, శిక్షణకు వాడరు. ఉచిత ఖాతాలో అయితే సెట్టింగ్స్‌లో డేటా కంట్రోల్స్‌కి వెళ్లి 'ఇంప్రూవ్ ద మోడల్ ఫర్ ఎవ్రీవన్' అన్నది మనమే ఆఫ్ చేసుకోవాలి. మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు దశలవారీగా అమలవుతున్నాయి. క్లయింటు వివరాలకు జవాబుదారీ మీ ఆఫీసే. 'యాప్ లీక్ చేసింది సార్' అంటే కుదరదు.

ఇక మీ పని. మీరు వేసే జీఎస్టీఆర్-3బీ రిటర్నుకి, పోర్టల్ చూపించే 2బీ స్టేట్‌మెంటుకి మధ్య ఇన్‌పుట్ క్రెడిట్ తేడా వచ్చిందని నోటీసు వస్తే నోటీసు మొత్తం పెట్టకండి. సెక్షన్ నంబరు, తేడా రావడానికి కారణం, మీకు కావాల్సిన జవాబు ఎలాంటిదో మాత్రమే రాయండి. పేరు బదులు 'ఒక వ్యాపారి' అంటే చాలు. పాన్ చెరిపేసి జీఎస్టీ నంబర్ వదిలేసేవాళ్లున్నారు. తెలంగాణ కోడ్ 36తో మొదలయ్యే ఆ 15 అక్షరాల మధ్యలో పాన్ యథాతథంగా ఉంటుంది! కూడికలు, తీసివేతలు ఎక్సెల్‌లో చేసుకోండి. చాట్‌బాట్‌లు పెద్ద పట్టికల్లో తప్పు మొత్తాన్ని కూడా ఎంతో ధీమాగా చెప్తాయి.

ప్రశ్న: అమీర్‌పేట హాస్టల్లో ఉంటున్నాను, బీటెక్. నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది. డీప్‌సీక్‌ని డౌన్‌లోడ్ చేసుకుని నెట్ లేకుండా వాడొచ్చంటున్నారు. అప్పుడు కూడా డేటా బయటికి పోతుందా?

జవాబు: పోదు. పైన చెప్పిన టెన్షన్ అంతా యాప్‌తో, వెబ్‌సైట్‌తో. మోడల్ అనేది అంకెలతో నిండిన పెద్ద ఫైలు, అంతే. ఆర్1ను ఎంఐటీ లైసెన్సు (ఉచితంగా వాడుకోనిచ్చే అనుమతి) కింద ఎవరైనా దింపుకునేలా ఇచ్చారు. మోడళ్లను సొంత కంప్యూటర్లో నడిపే ఒలామా లేదా ఎల్ఎం స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని దాన్ని నడపొచ్చు. మోడల్ దిగాక వైఫై ఆపి చూడండి, జవాబులు వస్తూనే ఉంటాయి.

అయితే అసలు ఆర్1 మీ ల్యాప్‌టాప్‌లో పట్టదు. దానివి 67,100 కోట్ల పారామీటర్లు (పైన చెప్పిన అంకెలే), ఫైళ్లు వందల జీబీలు. మీకు అందుబాటులో ఉండేవి దాని జవాబులతో శిక్షణ ఇచ్చిన చిన్న మోడళ్లు. వాటి లోపలిది అలీబాబా మోడల్ క్వెన్ లేదా మెటా మోడల్ లామా. 7బీ రకం (బీ అంటే బిలియన్, అంటే సుమారు 700 కోట్ల పారామీటర్లు) ఐదు జీబీ లోపే. 8 జీబీ ర్యామ్‌లో క్రోమ్ మూసేస్తే నెమ్మదిగా నడుస్తుంది. 1.5బీ చకచకా నడుస్తుంది కానీ తెలివి తక్కువ, తెలుగులో అడిగితే మరీ తడబడుతుంది. పైథాన్ కోడ్‌కి 7బీ ప్రయత్నించండి. ఒలామాలో పేరు చివర 'క్లౌడ్' అని ఉన్న మోడళ్లు మీ మెషిన్‌లో నడవవు, వాళ్ల సర్వర్లకు వెళ్తాయి. అది చూసుకోండి. ఇంకోటి, చైనా రాజకీయాల మీద అడిగితే తప్పించుకునే గుణం శిక్షణలోనే వచ్చింది. వైఫై ఆపినా అది పోదు.

ప్రశ్న: అంత మంచి వస్తువు ఉచితంగా ఇస్తున్నారంటే మన డేటా అమ్ముకుంటున్నట్టే కదా? (నల్లకుంట, రిటైర్డ్ టీచర్)

జవాబు: అనుమానం మంచిదే మాస్టారూ, కానీ చౌకకు వేరే కారణాలు కూడా ఉన్నాయి. ఆ పెద్ద మోడల్లో ప్రతి పదానికీ మొత్తం యంత్రం పనిచేయదు, సుమారు 3,700 కోట్ల పారామీటర్లే కదులుతాయి. ఖర్చు అక్కడ తగ్గుతుంది. వెనకాల హై-ఫ్లయర్ అనే హెడ్జ్ ఫండ్ (పెట్టుబడి సంస్థ) డబ్బు ఉంది. పేపర్లలో వచ్చిన 56 లక్షల డాలర్ల లెక్క మాత్రం ఆర్1కు పునాది అయిన వీ3 మోడల్ చివరి శిక్షణకైన ఖర్చు. అంతకుముందు చేసిన పరిశోధన అందులో కలపలేదని వాళ్లే రాశారు.

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్ నుంచి. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ. ఫిజిక్స్ లెక్కలకు డీప్‌సీక్ వాడుతుంటే భయమేసి యాప్ తీసేశాను. సరిపోతుందా?

జవాబు: సరిపోదమ్మా. యాప్ తీసేస్తే ఫోన్లోంచి పోతుంది, ఖాతా అలాగే ఉంటుంది. మళ్లీ లాగిన్ అయి, ముందు చాట్‌లు, తర్వాత ఖాతా డిలీట్ చేయండి. గూగుల్‌తో లాగిన్ అయి ఉంటే, గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీలో ఆ అనుమతి కూడా రద్దు చేయండి.

నిజానికి రొటేషనల్ మోషన్ లెక్కల వల్ల ఎవరికీ నష్టం లేదు. హాల్‌టికెట్, ఆధార్, మెడికల్ రిపోర్టుల ఫొటోలు ఏ చాట్‌బాట్‌లోనూ పెట్టొద్దని అమ్మాయికి చెప్పి, లెక్కలు చేసుకోనివ్వండి. ఆధార్‌ను ముక్కూమొహం తెలియని జిరాక్స్ షాపు నంబర్‌కి వాట్సాప్ చేసే మన పెద్దవాళ్లకూ ఆ మాట చెప్పాలి. అక్కడ మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, యూఐడీఏఐ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి.