నక్క కుక్కల కుటుంబమే, హైనా మాత్రం పిల్లుల వైపు

నక్క కుక్కల కుటుంబానికి (కానిడే) చెందిందే, కానీ కుక్క కాదు. మీరు కుక్కే అనుకున్న హైనా, అంటే మన దుమ్ములగొండి, చూడ్డానికి ఎంత కుక్కలా ఉన్నా పిల్లుల వైపుది. మీరు "నక్క కంటిపాప పిల్లిలా నిలువుగా ఉంటుంది, పిల్లిలాగే మాటు వేసి దూకుతుంది, మరి కుక్కల్లో ఎందుకు కలిపారు" అని అడిగారు. కంటిపాపే లెక్కయితే ముందు పులినీ సింహాన్నీ పిల్లుల్లోంచి తీసేయాలి, వాటి పాప గుండ్రంగానే ఉంటుంది మరి. నేలకు దగ్గరగా ఉండి, చీకట్లో మాటు వేసే చిన్న జంతువుల్లో నిలువు పాప ఎక్కువ, అది బతికే తీరుని బట్టి వచ్చింది. పోలిక ఉందని పక్కింటి పిల్లాడికి మన ఇంటిపేరు రాదు కదా!

డిగ్రీలో నాది జువాలజీ. ఒకసారి మా సార్ ల్యాబులో ఉన్న పాత పుర్రెలకు చీటీలు తీసేసి, ఏది ఏ కుటుంబమో మీరే విడదీయండి అన్నారు. తోలు, తోక, చెవులు లేకపోతే మనకున్న అభిప్రాయాలు సగం ఎగిరిపోతాయి. పిల్లిది తేలిగ్గా దొరికింది, మూతి పొట్టి, పళ్ళు 30. కుక్కకీ నక్కకీ రెండింటికీ 42, అక్కడే వాదులాట మొదలైంది. అప్పుడు ఆయన పుర్రె తిప్పి, చెవి దగ్గర అడుగున బుడగలా ఉబ్బిన ఎముక చూపించారు. పగిలిన పిల్లి పుర్రెలో దాని లోపల ఒక సన్నటి అడ్డుగోడ కనిపించింది, కుక్క దాంట్లో అలాంటి గోడ లేదు. బయట నుంచి ఎవరికీ కనబడని ఈ గోడ, మాంసాహార జంతువుల క్రమం (కార్నివోరా) రెండు కొమ్మలుగా చీలిందనడానికి పాత ఆధారాల్లో ఒకటి. తర్వాత డీఎన్ఏ వచ్చి మొత్తమ్మీద అదే మాట చెప్పింది. ఆ చీలిక జరిగి 4 కోట్ల ఏళ్ళకు పైనే అయింది.

పిల్లుల కొమ్మలో పులి, చిరుతలతో పాటు ముంగిస, పునుగుపిల్లి, దుమ్ములగొండి ఉంటాయి. తిరుమల స్వామికి వాడే పునుగు తైలం ఇచ్చే ఆ పునుగుపిల్లిది కూడా అసలు పిల్లుల కుటుంబం కాదు, వివెర్రిడే అని వేరే కుటుంబం. కుక్కల కొమ్మలో తోడేలు, రేసుకుక్క (అడవికుక్క), ఎలుగుబంటి, నీటికుక్క, చివరికి సముద్రంలో ఉండే సీల్ కూడా. హైనా విషయంలో మీరు పొరబడ్డారని బాధపడకండి, 1758లో, జీవులకు శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ అంతటివాడు దాన్ని కుక్క ప్రజాతిలోనే (జీనస్, అంటే కుటుంబం లోపల దగ్గరి జాతుల గుంపు) పెట్టి 'కానిస్ హైనా' అన్నాడు. ఇక మాంసాహార క్రమం అన్నంత మాత్రాన అన్నీ మాంసమే తినాలని లేదు. పాండా వెదురు నములుతుంది, మన ఎలుగుబంటి చెదపురుగుల్ని పీల్చుకుంటుంది, దానికోసం పై ముందుపళ్ళు రెండు తక్కువ కూడా. అయినా పూర్వీకులు ఆ క్రమంవాళ్ళే.

నక్క గురించి ఇంకో మాట, అసలు గందరగోళం ఇక్కడే ఉంది. అనంతపురం వైపు మా ఊళ్ళో పొలాల్లో రెండు రకాలు కనబడేవి, రెండింటినీ నక్క అనే అనేవాళ్ళం. పొద్దుగూకాక గుంపుగా ఊళ వేసేది ఒకటి, ఇది కానిస్ ప్రజాతి, అంటే కుక్కకీ తోడేలుకీ దగ్గరి చుట్టం. బొరియల్లో ఉండే చిన్న గుంటనక్క ఇంకోటి, పెద్ద చెవులు, నల్లటి తోక చివర, అది వల్పెస్ ప్రజాతి. మొదటిదానికి గుంటనక్క కన్నా మీ ఇంటి కుక్కే దగ్గర.

కుక్కకీ నక్కకీ పిల్లలు పుడతాయా అని కూడా అడిగారు. ఊళ వేసే నక్కతో పుట్టొచ్చు, కుక్కకీ దానికీ 78 క్రోమోజోములే. యూరప్ ఎర్ర నక్క వల్పెస్ ప్రజాతిది, దానికి 34 చుట్టుపక్కలే, కాబట్టి ఆ జత కుదరదు. 2021లో బ్రెజిల్‌లో బండి గుద్దిన ఒక జంతువుని పరీక్షిస్తే కుక్కకీ పాంపాస్ నక్కకీ పుట్టిందని తేలింది, నెట్‌లో చాలామంది దాన్ని చూపించి వాదిస్తుంటారు. కానీ పాంపాస్ నక్క పేరుకే నక్క, వల్పెస్ కాదు, దానికి 74 క్రోమోజోములు, చుట్టరికంలో కుక్కలకే దగ్గర.